కోతులు నమ్మని చప్పుడు

మనిషిని జైలుకు పంపడానికి అతని తలకాయ ఒక్కసారి ఊగితే చాలట. అలా ఊగిన తలకాయను ఫోన్లో పట్టుకొచ్చి అజయ్ నా ముక్కు ముందు ఆడించాడు.

"సూడున్రి మేడం, మీ గంగారాం ఒప్పుకున్నడు. ఇగ మీరు జగిత్యాలకు మర్లిపోవచ్చు."

వీడియోలో గంగారాం పంపుగది ముందు నేలమీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఫోన్ వెనకనుంచి అజయ్ గొంతు: "దొరను గడ్డపారతోని కొట్టింది నువ్వేనా?" గంగారాం బిత్తరచూపులు చూసి, తల ఊపి, "ఆఁ సారూ" అన్నాడు. అంతటితో అయిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా కొట్టడానికి ఏమీ లేక పంపుగది తలుపును ఒక్క తాపు తన్నాను.

ముందు సంగతి చెప్పాలి. కోరుట్ల శివారులో పురుషోత్తం రావుకు మామిడితోట ఉంది. తోట ముందు గెస్ట్‌హౌస్, దాని ముందు ముచ్చటపడి పెంచుకున్న పచ్చిక. మొన్న పొద్దున పదకొండింటి ప్రాంతంలో ఆ గెస్ట్‌హౌస్ వరండాలో కుర్చీలో కూర్చుని ఉండగా ఆయన్ని ఎవరో వెనకనుంచి గడ్డపారతో కొట్టి చంపారు. సరిగ్గా ఆ సమయంలోనే గడ్డి మిషన్ మోగిందని చుట్టుపక్కల పొలాలవాళ్లంతా చెబుతున్నారు. ఆ మిషన్‌కు సైలెన్సర్ లేదు. అది మొదలైతే ఊరి చివరిదాకా వినాల్సిందే. దాన్ని నడిపేది తోటమాలి గంగారాం ఒక్కడే. గంగారాం మాత్రం ఆ రోజు మిషన్ ముట్టనే లేదంటున్నాడు.

చప్పుడైంది కాబట్టి గంగారాం అక్కడే ఉన్నాడు, లేనన్నాడు కాబట్టి అబద్ధమాడుతున్నాడు, అబద్ధమాడాడు కాబట్టి వాడే చంపాడు. దొర కేక ఎవరికీ వినబడకూడదనే ముందే సైలెన్సర్ పీకి పెట్టుకున్నాడు. అజయ్ కట్టిన కథ ఇది.

ఈ అజయ్ ఒకప్పుడు కానిస్టేబుల్. ఇప్పుడు సిరిసిల్లలో సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. ఈ తోట కాపలా వాడిదే. కాపలా ఉన్నచోటే యజమాని చచ్చిపోతే ఇంకెవడు పనిస్తాడు? అందుకే ఎవరో ఒకరిని ఇరికించి చేతులు దులుపుకోవాలని ఆత్రపడుతున్నాడనుకున్నాను. నా పేరు రేణుక, జగిత్యాలలో ప్రైవేట్ డిటెక్టివ్‌ని. నన్ను పిలిచింది గంగారాం బిడ్డ సృజన. సాయంత్రం వచ్చి గంగారాంను తీసుకెళ్తానని ఎస్సై చెప్పి వెళ్లాడు. ఈలోపు ఏం చేయాలన్నా నేనే చేయాలి.

గంగారాం ఆ పంపుగది ముందే కూర్చుని బీడీ తాగుతున్నాడు. నేను చప్పుడు చేయకుండా ఆయన వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

"కాకా, నీ ఎన్కకే పామున్నది!"

అజయ్ ఎగిరి గంతేసి తన కాళ్లకింద చూసుకున్నాడు. సృజన "అవ్వో" అని అరిచింది. గంగారాం మాత్రం తాపీగా ఇంకో దమ్ము లాగాడు.

"సూసినవా?" అన్నాను అజయ్‌తో. "నువ్వు ఫోను మూతికడ్డం వెట్టి అడిగినవ్. ఆయనకు నీ పెదవులే కనబడలే. నీ ఇల్లు నా పేర రాస్తవా అని అడిగినా ఆఁ సారూ అనే అంటుండె."

"చెవుటోడని డాక్టరు కాయిదం ఉన్నదా?"

"సిరిసిల్లల సాంచల నడుమ పుట్టినోనివి. నీకు కాయిదం గావాల్నా?"

మాదీ సిరిసిల్లే. సాంచాలంటే మరమగ్గాలు. మా నాన్న జిందగీ మొత్తం వాటి ముందే గడిచింది. ఆ మోతకు చెవులు పోయినవాళ్లు ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకుంటారు. పోల్చుకోలేకపోతే ఆఁ అంటారు. మళ్లీ అడిగితే ఎదుటి మనిషి విసుక్కుంటాడని భయం. ఎదురుగా ఉన్నది షావుకారో దొరో అయితే ఆ ఆఁ ఇంకా తొందరగా వస్తుంది. మా నాన్న అట్లా తలూపి తలూపి ఏమేం ఒప్పుకున్నాడో మా అమ్మకు తెలుసు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

నేను గంగారాంకు ఎదురుగా వచ్చి కింద కూర్చుని, నోరు బాగా తెరిచి గట్టిగా అడిగాను.

"మొన్న దొర సచ్చిపోయినప్పుడు ఏడున్నవ్ కాకా?"

"తోట ఆఖర్ల బిడ్డా. లేత మొక్కలకు నీళ్లు వెడుతున్న."

"మిషన్ తియ్యలేదా?"

"తియ్యలే. గడ్డి దినాం గోస్తరా ఏంది? దానికి రెండొద్దుల ముందే కోస్తి."

"మరి అంత సప్పుడయితే, నా మిషన్ ఎవడు ముట్టిండురా అని ఉరికి రాకపోతివి?"

ఆయన తల దించుకుని బీడీ నేలకు రాసి ఆర్పాడు. "ఇనబడలే బిడ్డా. నాకేమెరుక."

నాకు అక్కడే చిన్న ముల్లు గుచ్చుకుంది. చెవులున్న మనిషైతే పరుగెత్తుకొచ్చేవాడు. ఈయన రాడని ముందే తెలిసినవాడెవడో ఉన్నాడు.

"సైలెన్సర్ ఎవలు వీకిన్రు?"

"తుప్పు వట్టి అదే పగిలింది. కొత్తది ఏద్దామని దొరనడిగిన. వద్దురా, గీ మోతకు కోతులు ఉరుకుతున్నయి, గట్లనే ఉండనియ్ అన్నడు."

పక్కన నిలబడ్డ సృజన ఇక ఆగలేకపోయింది. "కోతుల్ని కొట్టనీకి మా బాపు చెవులే దొరికినయక్కా వీళ్లకు! ఇప్పుడు ఆ సప్పుడే జూపెట్టి మనిషినే మింగుతరట!"

"గొంతు తగ్గియ్యి" అన్నాడు అజయ్.

"నువ్వు తగ్గియ్యి" అన్నాను నేను. "ఆ పిల్ల అరిస్తేనన్న ఎవలో ఒకలు వింటరు."

గెస్ట్‌హౌస్ లోపల పురుషోత్తం రావు భార్య సులోచన గోడకు ఆనుకుని చాపమీద కూర్చుని ఉంది. రెండు రోజులుగా ఏడ్చిన మొహం. ఆమెను కదిలించడం నాకూ ఇష్టం లేదు, కానీ బయట ఇంకో మనిషి ప్రాణం వేలాడుతోంది.

"గప్పుడు మీరేం జేస్తున్నరు సులోచనమ్మా?"

"ఒరుగులకు మామిడికాయ ముక్కలు కోసిన. పచ్చిక పక్కన గద్దె మీద చీరె పరిసి ఎండవోసి, కట్టె వట్టుకొని కావలి కూసున్న. గంతల మిషన్ సప్పుడు మొదలయింది. ఇగ కావలెందుకని లోపలికొచ్చి నడుం వాల్చిన."

"కావలి ఎందుకక్కెర్లే?"

ఆమె నన్ను వింతగా చూసింది. "మిషన్ మోగితే ఒక్క కోతి ఈ దిక్కు రాదు గదమ్మా. ఈడ పసిపోరనికి గూడ ఎరుకే."

"తర్వాత?"

"లేచి బయటకొస్తే ఏమున్నది, నా బొంద. ఒక్క ముక్క మిగల్లె. చీరె పేలికలు పేలికలు జేసినయి. పాడు కోతులు, గద్దె మీద కూసుండి నన్నే సూస్తున్నయి. వాటిని తిట్టుకుంట వరండలకు వచ్చిన. వచ్చి సూస్తే ఆయన…" ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"గప్పుడు మిషన్ సప్పుడు ఆగిందా?"

"ఏడాగింది? మోగుతనే ఉండె. గంగారాం, బందు వెట్టురా, దొర పడ్డడురా అని మొత్తుకున్న. జెరసేపటికి బందయింది."

"మిషన్ మీకు కనబడ్డదా?"

"చెట్ల దిక్కు నుంచి సప్పుడొచ్చింది. ఇనబడినంక సూసుడేంది?"

ఈ తోట మొత్తం మీద జరిగిన పొరపాటు అదే. అందరూ విన్నారు, ఒక్కరూ చూడలేదు. ఆ చప్పుడంటే గంగారాం అని అలవాటు పడిపోయారు. ఆయన మొహం చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

"ఆ రోజు ఆయన ఎవలనన్న రమ్మన్నరా?"

"రమ్మన్నడు. రాత్రిళ్లు తోటల కాయ ఎవలో ట్రాలీలల్ల తోలుకపోతున్నరని ఆయనకు అనుమానం. ఇయ్యాల తేలుస్త అన్నడు. ఎవలొస్తరో నాకు జెప్పలే."

బయటికొచ్చేసరికి అజయ్ వరండా మెట్టు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నేను పచ్చికలోకి దిగి అంచునుంచి అంచుకు నడిచాను. గడ్డి అంతా ఒకే ఎత్తు. కొత్తగా కోసిన చార ఎక్కడా లేదు.

"మొన్న ఈ గడ్డి ఎవ్వరు కొయ్యలే" అన్నాను.

"కోసిండని నేనన్ననా?" అజయ్ లేచి వచ్చాడు. "కోసుడు గాదు మేడం వాని పని. మిషన్‌ను గీ మూలకు నిలవెట్టి, స్టార్ట్ జేసి ఇడిసిపెట్టి వరండలకెక్కిండు. సప్పుడు కోసమే గద."

"గీ మూలకేనా?"

"గీడనే. ఇంక యాడ? వరండకు దగ్గర ఇదే."

"ఖాయమా?"

"రాసిస్త కావాల్నంటే."

"రాసిచ్చుడు అద్దుగని, జెర జరుగు."

సృజన, నేను కలిసి షెడ్డులోంచి మిషన్‌ను ఈడ్చుకొచ్చాం. సైలెన్సర్ ఉండాల్సిన చోట ఇంజన్ నోరు తెరుచుకుని ఉంది, దాని చుట్టూ ఇనుము నల్లగా మాడిపోయి ఉంది. అజయ్ చూపించిన చోటుకు రెండడుగుల అవతల నిలబెట్టాను. గోడ మీద ఒక కోతుల మంద కూర్చుని మా తమాషా చూస్తోంది.

"కానియ్యున్రి మీ ఆట" అని అజయ్ ఫోన్ చెవికి పెట్టుకుని పక్కకు నడిచాడు.

తాడు లాగాను. రెండోసారికి అంటుకుంది. అమ్మో, అది మోత కాదు, మొహం మీద గుద్దు. పళ్లు జివ్వుమన్నాయి. గోడ మీది కోతులు పిల్లల్ని పొట్టకు కరుచుకుని తోట పక్క కాలువ వైపు పరుగు లంకించుకున్నాయి, ఒక్కటీ మిగల్లేదు. ఇంజన్ నోట్లోంచి సెగ తిన్నగా గడ్డి మీద కొడుతోంది. చూస్తుండగానే పచ్చటి గడ్డి పసుపెక్కి, ముడుచుకుని, పొగలేచింది. ఇంత మోతను ఇన్నాళ్లూ ఆ మనిషి తల మీద మోపి, అది కోతుల కోసమని చెప్పుకున్నారు. చచ్చిన మనిషిని తిట్టకూడదంటారు. నేను తిట్టుకున్నాను.

మిషన్ ఆపేసరికి దానిముందు చాటంత గడ్డి మాడి ఉంది.

"సూసినవా అజయ్? నువ్వన్న కాడ అంతసేపు నిలబడి మోగితే గిట్ల మాడాలె. నువ్వు జూపిన జాగల ఒక్క పోచ మాడలే. అంటే మొన్న మిషన్ షెడ్డు దాటలేదు."

తిరిగి చూస్తే అజయ్ లేడు. పంపుగది ముందు గంగారాం కూడా లేడు.

సులోచన గుమ్మంలోంచి చెప్పింది. "అజయ్ కార్ల గంగారాంను తోలుకపోయిండు. ఎస్సై సారు జల్ది తీస్కరమ్మన్నడట."

నా వెనక కారు స్టార్ట్ అయి వెళ్లిపోతే నాకు వినబడలేదు. ఒళ్లు మండిపోయింది. సృజన ఏడుపు మొదలుపెట్టింది.

"ఏడువకు. స్టేషన్లనే గద, మనుషుల నడుమ ఉంటడు" అన్నాను. "మనం రుజువు వట్టుకొని పోదాం. మిషన్ మోగలే. మరి మోగిందేంది? అసలు మిషన్ సప్పుడుకు కోతులెట్ల ఉరికినయో ఇప్పుడు సూసినవ్ గదా. మొన్న అదే మోతల కూసుండి ఒరుగులు బొక్కినయి. మనుషులు మోసపోయిన్రు, కోతులు మోసపోలే. ఎందుకు?"

సృజన ముక్కు తుడుచుకుని ఆలోచించింది. "కోతులు మైకు డబ్బాలకైతే భయపడయక్కా."

"ఏం డబ్బాలు?"

"కుక్కల అరుపులు నింపి చెట్లకు కడుతరు. వీర్నపల్లి దిక్కు మక్కచేన్ల అడివిపందులకు కడుతరు సూడు, గవే. ఈడ గూడ కట్టిన్రు. మొదట రెండొద్దులు భయపడ్డయి. తర్వాత ఆ డబ్బ మీదనే కూసుండి పేలు సూసుకుంటయి."

వరండాకు దగ్గరలో ఉన్న మొదటి మామిడిచెట్టుకే ఒక డబ్బా కట్టి ఉంది. దాని పైన హారన్ మైకు, పక్కన బ్యాటరీ. కొమ్మ మీదికి అప్పుడే ఒక ముసలి కోతి తిరిగొచ్చింది. నేను చెట్టెక్కి మీట నొక్కాను. కుక్కలు మొరిగాయి. కోతి గోక్కుంది. ఇంకోసారి నొక్కాను.

గడ్డి మిషన్ మోగింది.

అదే తాడు లాగిన చప్పుడు, రెండోసారికి అంటుకోవడం, చెవులు చిల్లులు పడే మోత. ఇంట్లోంచి సులోచన "మళ్ల మిషనెందుకు నడుపుతున్నరు?" అని కేక వేసింది. మిషన్ నాకు కనబడుతూనే ఉంది, పచ్చికలో చచ్చినట్టు పడి ఉంది. ముసలి కోతి అటు తిరిగి పడుకుంది.

నాకు కోపంలోనే నవ్వొచ్చింది. ఎంత పొగరు! పని అయిపోయాక ఈ రికార్డింగును తుడిచేయడానికి కూడా బద్ధకించాడు. కోతుల డబ్బాలో ఎవడు వెతుకుతాడులే అనుకున్నాడు. ఎంతసేపు మోగుతుందో చూద్దామని నేను ఆపలేదు. చెట్టు దిగి గద్దె మీద కూర్చున్నాం. చాలాసేపు మోగింది. నేను ఆ సమయమంతా ఎస్సైకి ఏం చెప్పాలో లోపల్లోపల కూడబలుక్కుంటున్నాను.

ఉన్నట్టుండి మోత ఆగింది. ఆగిన తర్వాత డబ్బాలోంచి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది.

"ఇన్నరా సారూ? కోసినప్పుడల్ల గింతసేపు, గిదే సప్పుడు. మా బాపుకు చెవులు ఇనబడుతలేవు సారూ. ఎన్కనుంచి బండొచ్చినా ఎరుకయితలేదు. ఒక్క సైలెన్సర్ ఏపియ్యున్రి. మీ కాల్మొక్కుత."

పక్కకు చూశాను. సృజన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, గది నేను."

"నువ్వా?"

"చెప్తే నమ్మరని, బాపు మిషన్ స్టార్ట్ జేసిన కాడి నుంచి బందువెట్టెదాక నేనే రికార్డ్ జేసిన. ఆఖర్ల మాట్లాడి పంపిన. నా గొంతు గూడ తియ్యలేదక్కా వాడు…"

ఎందుకు తీస్తాడు? ఉందని తెలిస్తే కదా తీయడానికి. మొదలు విన్నాడు, మోత విన్నాడు, తనకు పనికొచ్చేది దొరికింది. దాని చివర ఒక పిల్ల కాళ్లు మొక్కుతున్నదని తెలుసుకునేదాకా వాడు వినలేదు. మొన్న కూడా సులోచన మొత్తుకోగానే కొమ్మల చాటున మధ్యలోనే ఆపేశాడు కాబట్టి ఆ గొంతు ఎవరికీ వినబడలేదు. తండ్రి చెవులు కాపాడమని పెట్టుకున్న మొరను తీసి ఆ తండ్రి మెడకే తగిలించాడు. గంగారాంకు వినబడదని, పరుగెత్తుకు రాడని వాడికి ఎవరు చెప్పారో ఇప్పుడు తెలిసింది. ఈ పిల్లే చెప్పింది, కాళ్లు మొక్కి మరీ చెప్పింది.

ఆమె వైపు తిరిగాను. "ఎవలికి పంపినవ్ సృజనా?"

"దొర మా ఫోన్లెత్తడక్కా. తోట సంగతులన్ని ఆయనే సూస్తడని ఆయనకు పంపిన. ఆయనొక్కనికే. బొటనవేలు బొమ్మ వెట్టిండు, నేను సంబురపడ్డ."

"ఎవలికి?"

"అజయ్ సారుకు."

రాత్రిళ్లు ట్రాలీలు. కాపలా ఉన్న తోటలోంచి కాపలావాడికి తెలియకుండా కాయ ఎలా పోతుంది? పురుషోత్తం రావు ఆ రోజు తేలుస్తానని రమ్మన్నది ఎవరినో ఇక చెప్పక్కర్లేదు. నేను వాడిని పరువుకోసం పాకులాడే సోమరి అనుకున్నాను. నాకు బుద్ధి లేదు.

ఎస్సైకి ఫోన్ చేశాను. అవతల నిదానంగా జవాబొచ్చింది. "గంగారాంనా? మేమెవ్వల్ని తెమ్మనలే మేడం. నేనే సాయంత్రం అస్తనని జెప్పిన గదా."

"అజయ్ కార్ల తీస్కపోయిండు సార్. రాయికల్, జగిత్యాల, మెట్‌పల్లి, అన్ని తొవ్వలు ఆపించున్రి. దొరను సంపింది వాడే!"

ఆయన ఇంకేదో అడుగుతుంటే కట్ చేసి గంగారాం నంబర్ నొక్కాను. తలుపు తీసి దూకమని చెప్పాలి, అరవమని చెప్పాలి, ఏదో ఒకటి చెప్పాలి. అవతల మోగుతోంది. మోగుతూనే ఉంది.

సృజన నా చేయి పట్టుకుంది. "ఎత్తడక్కా. అంగీ జేబులనే ఉంటది. బాపుకు ఇనబడది."

అప్పుడు వెలిగింది నాకు. ఆ కారులో ఉన్నది ఇద్దరు. ఒకరికి ఫోన్ మోగుతున్నట్టు తెలియదు. రెండోవాడు దాన్ని వింటున్నాడు, నేను ఎందుకు చేస్తున్నానో కూడా వాడికి అర్థమయ్యే ఉంటుంది. నా చేతులారా నేనే వాడికి కబురు పంపాను.

ఆపేద్దామని వేలు కదిపేలోపే మోగడం ఆగింది. ఎవరో ఫోన్ ఎత్తారు, గంగారాం మాత్రం కాదు. కారు గతుకుల మీద పోతున్న చప్పుడు, దాని మధ్య ఏమీ తెలియని గంగారాం గొంతు వినబడ్డాయి.

"గీ తొవ్వ స్టేషన్‌కు పోదు గద సారూ?"

అజయ్ ఏదో అన్నాడు. ఆ మాట నాకు అందలేదు.

"ఆఁ సారూ" అన్నాడు గంగారాం.